పుస్తకంలో మనిషి

ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో నేను రాజనీతి శాస్త్రం చెప్పేవాణ్ణి. ఉదారవాదం పాఠం మొదలుపెట్టినప్పుడల్లా బోర్డు మీద ఒకటే వాక్యం రాసేవాణ్ణి: మనిషి తనకు తానే యజమాని. పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్నవాడు, తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగలవాడు, ఎవరికైనా కట్టుబడితే ఇష్టపడే కట్టుబడతాడు. ఉదారవాదులు మనిషిని ఇలా చూశారర్రా అని గొంతు చించుకునేవాణ్ణి. నా డిగ్రీ, పీజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం పక్క గదిలో మా యజమాని బీరువాలో ఉండేవి.

అదేమీ వింత కాదు. ప్రైవేటులో పాఠాలు చెప్పేవాళ్ళం చాలామందిమి చేరిన రోజునే ఒరిజినల్స్ నవ్వుతూ అప్పజెప్పేస్తాం. వేసవిలో కోర్సు అయ్యాకే మళ్ళీ చేతికొస్తాయి. మా సెంటర్లో ఇంకో మెలిక కూడా ఉండేది. కొత్తవాణ్ణి ఎవరు తీసుకొస్తే వాళ్ళే హామీ. కొత్తవాడు మధ్యలో వెళ్ళిపోతే హామీ ఉన్నవాడి సర్టిఫికెట్లు ఇంకో రెండేళ్ళు ఆ బీరువాలోనే ఆగిపోతాయి. నన్ను తీసుకొచ్చింది మా అక్క మొగుడు, అక్కడే లెక్కలు చెప్పే బావ.

బావకి నా సబ్జెక్టంటే వేళాకోళం. “ఏటి బావా, మీ పుస్తకంలో మనిసికి అమ్మా నాన్నా ఉండరేటి? ఒక్కడే పుట్టీసి, ఒక్కడే ఒప్పందం రాసీసుకుంటాడా?” అని స్టాఫ్ రూంలో అందరి ముందూ ఏడిపించేవాడు.

“నీ లెక్కల్లో ఎక్స్‌కి ఉన్నారా ఏంటి అమ్మా నాన్నా?” అని నేనూ ఊరుకునేవాణ్ణి కాదు.

కోర్సు సగంలో ఉండగా నాకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు వచ్చింది. సోమవారం ఒరిజినల్స్ చూపించాలి, లేకపోతే పోస్టు నా తర్వాతివాడికి పోతుంది. యజమాని గదికి వెళ్ళి అడిగాను. ఆయన టీ తెప్పించాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

“తీసుకెళ్ళండి మాస్టారూ, మిమ్మల్ని ఎవరైనా కట్టేశారా? స్వేచ్ఛ గురించి నాకంటే మీకే బాగా తెలుసు. మీ బావగారు మాత్రం ఇంకో రెండేళ్ళు మాతోనే ఉండాలి. ఆ షరతుకి ఆయన ఇష్టపడే ఒప్పుకున్నారు కదా.”

నా పాఠం తీసి నా మొహానే కొట్టాడు మహానుభావుడు. బావ ఆ వేసవిలోనే మానేసి, స్టీల్ ప్లాంట్ దగ్గర వాళ్ళుండే వీధిలోని స్కూల్లో చేరాలనుకుంటున్నాడు. అక్క కీళ్ళ జబ్బుతో మంచం పట్టింది. పక్కనే స్కూలైతే మధ్యాహ్నం వచ్చి ఆమెకి అన్నం పెట్టి వెళ్ళొచ్చు. నేను నా సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుపోతే ఆ అన్నం పోతుంది.

సబ్బవరం బస్సులో ఇంటికి వెళ్తూ దారి పొడుగునా కుతకుతలాడిపోయాను. ఉండలేను, పోలేను. ఎదుటివాడికి హాని కలగనంతవరకే నీ స్వేచ్ఛ అని కూడా ఆ పాఠంలోనే ఉంది. సరే, మరి ఇక్కడ హాని చేసేది ఎవరు? వెళ్ళిపోయే నేనా, బీరువాకి తాళం వేసినవాడా? దానికి జవాబు ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

శనివారం పొద్దున్న తేల్చుకున్నాను. కాలేజీ ఉద్యోగం నాకొద్దు, ఇక్కడే ఉండిపోతానని చెప్పేద్దామని యజమాని గది తలుపు తీశాను. లోపల యజమాని ఎదురుగా బావ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద యజమాని టీ గ్లాసు పక్కన నా ఫైలు ఉంది.

“ఇదిగో, పట్టుకెల్లు. సారు నాకంతా సెప్పీసినారు. ఇంకో రెండేళ్ళు ఉంటానని సంతకం ఎట్టీసినాను” అన్నాడు.

“నన్నడక్కుండా ఎందుకు పెట్టావ్ బావా?”

“అడిగితే నువ్వు ఒద్దంటావు. నా ఇష్టం, ఎట్టినాను. మీ పుస్తకంలో అదే కదేటి సెప్తన్నారు?”

“చూశారా మాస్టారూ, అంతా ఇష్టపూర్వకంగానే జరిగింది” అన్నాడు యజమాని. ఆ టీ గ్లాసు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఫైలు తీసుకున్నాను. తీసుకోకపోతే బావ పెట్టిన సంతకం వెనక్కి వస్తుందా? రాదు. తీసుకుంటే నేను హాయిగా ఉంటానా? అదీ లేదు.

ఇప్పుడు కాలేజీలోనూ అదే పాఠం, బోర్డు మీద అదే వాక్యం. అక్కకి మధ్యాహ్నం పక్కింటావిడ అన్నం పెట్టి వెళ్తోంది. బావ పొద్దున్నే ద్వారకా నగర్ బస్సు కోసం నిలబడి నాకు ఫోన్ చేస్తాడు. మొన్న కూడా చేశాడు.

“ఏటి బావా, మీ పుస్తకంలో మనిసి బాగున్నాడా?”

“వాడికేం బావా, హాయిగా ఉన్నాడు. వాడికి బావ లేడు.”

బావ పెద్దగా నవ్వి, బస్సొచ్చేసిందని ఫోన్ పెట్టేశాడు.