మసక కవరు వెనక ఇల్లు

మొయినాబాద్ దగ్గర గులాబీల పాలీహౌస్‌లో మా నాయనమ్మ పూలు కోస్తుంది. పైకప్పు మార్చినప్పుడు తీసేసిన ప్లాస్టిక్ కవరు ముక్క ఒకటి నా కోసం తెచ్చింది. ఎండకు, మందులకు అది తెల్లగా మసకబారింది. కిటికీలో రంగు చేతి గాజులు, రాగి చెంబు పెట్టి, ఆ కవరు అడ్డం పట్టి ఫోన్‌తో ఫోటో తీశాను. అంచులన్నీ కరిగిపోయి వెలుగూ రంగులే మిగిలాయి.

సంబరపడి కవరును నాయనమ్మ కళ్ల ముందు పట్టాను. “ఎట్ల కనవడ్తుందవ్వా?”

“ఎట్లేంది? రోజు కనవడ్డట్టే ఉన్నది.”

వేళాకోళం అనుకున్నాను. ఆమె నవ్వలేదు. చేవెళ్ల చర్చిలో ఆమె బైబిలు చూసి చదువుతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె పేజీ తిప్పగా ఎప్పుడూ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“మీ బాపుకు చెప్పకు బిడ్డ, తోటకు పోనియ్యడు. మొగ్గలు తడిమి కోస్తున్న, ఫికర్ లేదు.”

ఆమె వేళ్ల నిండా ముళ్లు గీసిన గాట్లున్నాయి.

నా ఫోటోలు ఎవరికీ చూపించను. ఆ సాయంత్రం మాత్రం కవరు అడ్డం పట్టి మా ఇంటిని ఫోటో తీసి, బాపు చేతిలో ఫోన్ పెట్టాను.

“ఏంది బిడ్డ ఇది, అంత మసకనే ఉన్నది?”

“మన ఇల్లు బాపు. అవ్వకు గిట్లనే కనవడ్తది.”