ఓడెక్కని కమాండర్‌కి సన్మానపత్రం

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న ఆ తొలి సంవత్సరాల్లో, నన్ను నేను గొప్పవాడిననుకోవడానికి నా పర్సులో ఒకే ఒక ఆధారం ఉండేది: ఊరి లైబ్రరీ వాళ్ళిచ్చిన కార్డు. శనివారం వస్తే తోటివాళ్ళు చికాగోకో నయాగరాకో బయల్దేరేవారు. నేను మాత్రం తలుపులు తీసే వేళకి లైబ్రరీ ముందు నిలబడి ఉండేవాడిని. చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసేది కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేరు రాసే పని. చరిత్ర నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. అందుకే కాబోలు, సొంతంగా నేర్చుకున్న ప్రతి ముక్కనీ ఎవరో ఒకరి చెవిలో వేసేదాకా అన్నం సహించేది కాదు. (ఆ చెవులు చాలావరకు నా రూమ్మేటువి. కరీంనగర్ మనిషి, ఆఫీసులోనూ నా టీమే. మాకు చుట్టరికమేమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. నేను రోమన్ల మురుగు కాలువల గురించి మొదలుపెట్టగానే అతను బట్టలు ఉతకడానికని కిందికి వెళ్ళిపోయేవాడు. అంత శుభ్రమైన బట్టలు వేసుకున్న బ్రహ్మచారిని నేను మళ్ళీ చూడలేదు.)

మా మేనేజరు ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. టీంలోని తొమ్మిదిమందిలో ఆరుగురం తెలుగువాళ్ళమే కాబట్టి ఆయన వెనకాల ఆయన్ని 'దొర' అని పిలుచుకునేవాళ్ళం. మంచివాడే. కాకపోతే ప్రాజెక్టు ఆలస్యమైనప్పుడల్లా మీటింగులో ఒకే కథ చెప్పేవాడు. వాళ్ళ అమ్మగారి నాన్న రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో కమాండరట. ఘోరమైన తుఫానులో రెండు రోజులపాటు ఓడ నడిపే చోటు వదలకుండా నిలబడ్డాడట. ఎడమచేతి వేళ్ళు రెండు ఫిరంగి గుండుకి ఎగిరిపోయినా కదల్లేదట. "మరి మనకొచ్చిన కష్టం ఏమిటి? ఒక్క చిన్న బగ్" అని ముగించేవాడు. మేము తలలు దించుకుని పోయి ఆ బగ్ సంగతి చూసేవాళ్ళం. ఒకనాడు భోజనాల దగ్గర ఆయన మాటల్లో తాతగారి పూర్తి పేరు దొర్లింది. నేను వెంటనే టిష్యూ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

నా అప్పటి అవసరం కూడా చెప్పాలి. ఆరేళ్ళకి మించి ఉండనివ్వని హెచ్-వన్ వీసా మీద నాకు ఐదో ఏడు నడుస్తోంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ ఆ సంవత్సరం మొదలుపెట్టకపోతే సామాను సర్దుకోవలసిందే. మొదలుపెట్టాలంటే దొర ఒక ఫామ్ మీద సంతకం చేయాలి. ఆ ఫామ్ మూడు వారాలుగా ఆయన టేబుల్ మీద, కాఫీ కప్పు కింద ఉంది. రోజుకు రెండుసార్లు ఏదో ఒక వంకతో ఆ గదిలోకి వెళ్ళి కప్పు ఎక్కడుందో చూసి వచ్చేవాడిని.

అలాంటి సమయంలో దొరకి డైరెక్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. తెలిసినవాళ్ళలో ఒకరికి పదవి వస్తే మనవాళ్ళం శాలువా కప్పకుండా ఊరుకోలేం కదా. ఆరుగురం కూడి సన్మానం చేయాలని తీర్మానించాం. శాలువా, పూలదండ బావ చూసుకుంటానన్నాడు. సన్మానపత్రం ఎవరు రాయాలన్న ప్రశ్నే రాలేదు. సన్మానపత్రమంటే ముందు వంశాన్ని పొగడాలి, తర్వాతే మనిషి దగ్గరికి రావాలి. వంశం నా జేబులో, టిష్యూ మీద ఉంది!

ఆ పేరు పట్టుకుని లైబ్రరీలో వెతికితే, ఎక్కడో వేరే ఊరి లైబ్రరీలో ఉన్న ఒక లావుపాటి పుస్తకం తెప్పించి ఇచ్చారు. యుద్ధకాలంలో బ్రిటిష్ రాయబార కార్యాలయంలో టైపిస్టుగా పనిచేసిన ఒకావిడ రాసుకున్న జ్ఞాపకాలవి. వెనక పేజీల్లోని పేర్ల పట్టికలో దొర తాతగారి పేరు ఎదురుగా అంకెలే అంకెలు. అదే పేరు, అదే హోదా, చేతికి అవే రెండు వేళ్ళు తక్కువ. ఆనందంతో కుర్చీలోనే ఎగిరాను. పక్కనున్నాయన నోటి మీద వేలు పెట్టి చూపించాడు.

చదివాక తెలిసింది, ఆయన చేసింది నేవల్ అటాషే ఉద్యోగమని. యుద్ధంలో ఏ పక్షానా చేరని దేశంలో, తమ రాయబారి పక్కన నౌకాదళం తరఫున కూర్చునే అధికారి అన్నమాట. ఆ దేశపు రేవులో శత్రువుల ఓడలు కూడా దర్జాగా తిరుగుతుంటాయి. కమాండరుగారు రేవు కనిపించే హోటల్ మేడమీద రోజూ పొద్దున్నే ఒక ఉడికించిన గుడ్డు తెప్పించుకుని, దాన్ని రెండు గంటలసేపు తింటూ వచ్చే ఓడల్ని లెక్కపెట్టేవాడట. ఓడ నీళ్ళలో ఎంత లోతుకి దిగిందో చూసి లోపల ఎంత సరుకుందో చెప్పేసేవాడట. పక్క బల్ల దగ్గర జర్మన్ అటాషే కూర్చునేవాడట. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు కాబట్టి ఉప్పు సీసా కావాలంటే వెయిటరు చేత తెప్పించుకునేవారట. ఇంత గొప్పవాడు ఒడ్డున ఎందుకున్నాడయ్యా అంటే, ఆయనకి ఓడ పడదు. లంగరు వేసి నిలబడిన ఓడలో కూడా కడుపులో తిప్పి వాంతులయ్యేవట. చివరికి పై అధికారి "ఇతని బుర్ర మనదే, కడుపు మాత్రం నేవీది కాదు" అని రాసి ఒడ్డుకి పంపించేశాడట. ఇక ఆ వేళ్ళంటారా, రాయబారిగారి భార్య తొందరలో కారు తలుపు వేసినప్పుడు పోయాయట.

మీరైతే ఇక్కడ ఆగేవారు. నేను ఆగలేదు. సముద్రం మీద కాలు పెట్టకుండా సముద్ర యుద్ధం చేసినవాడు! లైబ్రరీలో కూర్చుని లోకమంతా చూస్తున్న నాకు ఆయన దగ్గరి బంధువులా కనిపించాడు. ఉన్నదంతా పత్రంలోకి ఎక్కించి, బావకి చదివి వినిపించాను. ఆ రోజు అతను బట్టలుతకడానికి పోకుండా చివరిదాకా విన్నాడు.

"అరే బావా, మీటింగుల దొర ఏం జెప్తడు? తుఫాన్ల ఓడ నడిపిండంటడు. నువ్వేమో కక్కుకున్నడని రాసినవ్. రెండు ఒక్కటెట్లయితయ్?"

"అది వేరే ఓడ అయ్యుంటుంది బావా. గొప్పవాళ్ళకి ఒక్క ఓడేనా?"

"మరి చేతి ఏళ్ళు? అవి గూడ రెండుసార్లు పోయినయా?"

"పుస్తకంలో ప్రింట్ అయింది. ప్రింట్ అయినదాన్ని కాదంటావా?"

"నేనెందుకంట? నీ ఫామ్ సైన్ అయ్యేదాక జర ఆగుమంటున్న."

"సైన్ చేయించడానికే కదా ఈ తాపత్రయం!"

శుక్రవారం మధ్యాహ్నం కెఫెటీరియాలో బల్లలు జరిపి, సమోసాల ట్రేలు పేర్చి, దొరని నడుమ కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన ఒంటరిగా రాలేదు. ఇంగ్లండు నుంచి చూడ్డానికొచ్చిన వాళ్ళ అమ్మగారిని కూడా తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. అంటే ఆ కమాండరుగారి సొంత కూతురు! నా అదృష్టానికి నాకే కళ్ళు చెమర్చాయి. బావ ముందుజాగ్రత్తగా తెచ్చిన రెండో శాలువా ఆవిడకి కప్పాం. నేను గొంతు సవరించుకుని, ఫ్రేము కట్టించిన పత్రాన్ని ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాను. (చదివింది ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. ఇంగ్లీషులో ఇంకా ఘోరంగా ఉంది.)

"ఓడ ఎక్కిన ప్రతిసారీ వాంతి చేసుకున్నప్పటికీ, ఒడ్డున కూర్చుని గుడ్డు తింటూ శత్రువుని గడగడలాడించిన ఆ మహానుభావుని మనుమడా!"

సన్మానాల్లో చదివేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే చప్పట్లు కొట్టాలన్నది మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మిగిలిన నలుగురూ ఠపఠపా కొట్టేశారు. ఆ ఊపులో నేను కారు తలుపు దగ్గరికి వచ్చాను. "రాయబారిగారి సతీమణి చేతి తొందరకి రెండు వేళ్ళు సమర్పించుకున్న త్యాగధనుని వంశాంకురమా!" దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు. బావ ఒక్కడే కొట్టలేదు. సమోసా చేత్తో పట్టుకుని నన్ను చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. అప్పుడు దొర వైపు చూశాను. మెడలో బంతిపూల దండ. దాని పైన చెవులు, ఆ పూలకన్నా ఎర్రగా. నోరు తెరుచుకుని ఉంది. ఆయన టీం అంతా, పై అంతస్తు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు. ఆ తుఫాను కథ వాళ్ళూ ఎన్నిసార్లు విన్నారో! నా చేతిలో ఫ్రేము చన్నీళ్ళలో ముంచినట్టు చల్లబడింది.

"ఆగు" అంది పెద్దావిడ. గది మొత్తం ఆగింది. "ఆ మొదటి వాక్యం మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"నువ్వు కల్పించావా?"

"లేదండీ. పుస్తకంలో ఉంది. ఆయన ఆఫీసులో టైపిస్టు రాసిన పుస్తకం."

ఆవిడ చేతిసంచీ మూత రెండుసార్లు తీసి వేసింది. తర్వాత నాతో కాదు, కొడుకుతోనూ కాదు, ఎదురుగా ఉన్న సమోసాలతో చెప్పినట్టు చెప్పింది. "మా ఇల్లు సముద్రం పక్కనే. నాన్న ఒక్కరోజు కూడా మమ్మల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళలేదు. ఒడ్డున కుర్చీ వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి పేపరు చదివేవాడు. ఆయన స్నేహితులందరూ మునిగిపోయి ఉంటారు, ఏమీ అడక్కండి అని అమ్మ మా నోళ్ళు మూయించేది. మేం ముగ్గురు పిల్లలం. ఆయన బాధ తలుచుకుని ఆ ఇసకలో అరవకుండా, నవ్వకుండా కూర్చునేవాళ్ళం. అన్ని వేసవులూ. కడుపులో తిప్పేదా?" అని ఆగి, "కడుపులో తిప్పేదా!" అని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగదే. కళ్ళు తుడుచుకుంటే ఇంకా నవ్వొస్తోంది. దొర మాత్రం నవ్వలేదు. మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి, ఆవిడ చేయి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు.

సోమవారం ఆయన నాతో మాట్లాడలేదు. మంగళవారం గుడ్ మార్నింగ్ కూడా లేదు. ఫామ్ మీద కప్పు అలాగే ఉంది. "టికెట్ చూడమంటవా? ఇప్పుడైతే చీప్‌ల దొరుకుతది" అన్నాడు బావ. మొదట వెక్కిరించాడనుకున్నాను. చూస్తే అతని ల్యాప్‌టాప్‌లో హైదరాబాద్ ఫ్లైట్ల పేజీ నిజంగానే తెరిచి ఉంది.

గురువారం దొర పిలిచాడు. తలుపు వేసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"తుఫాను గురించి ఆ పుస్తకంలో ఏమీ లేదా?"

"నేను చదివినంతలో లేదు సార్. మీకు ఆ కథ ఎవరు చెప్పారు?" అనేశాను. అనగానే నాలుక కరుచుకున్నాను. ఉద్యోగం పోయేటప్పుడు కూడా రిఫరెన్సు అడుగుతున్నానేమిటి!

ఆయన కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూశాడు. "ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు తాతని అడిగాను, యుద్ధంలో ఏం చేశావని. ఆయన జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు. మిగతాది నేనే అల్లుకున్నాను. ఇన్నేళ్ళు చెప్పేసరికి నాకే నిజమైపోయింది. ఈ కంపెనీ ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పాను."

చివాట్లు పడతాయనుకుని వచ్చిన చోట ఒక పెద్దమనిషి నిజం చెబుతుంటే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"నిన్న అమ్మ పట్టుబట్టి లేక్ సెయింట్ క్లెయిర్ ఒడ్డుకి డ్రైవ్ చేయించింది. బూట్లు విప్పి మోకాళ్ళ దాకా దిగి కేకలు పెట్టింది. ఈ వయసులో! జనం ఫొటోలు తీశారు" అంటూ కప్పు జరిపి, ఫామ్ తీసి, సంతకం చేశాడు. దాని మీద గుండ్రటి కాఫీ మరక పడింది. అది కూడా లాయర్‌కి అలాగే వెళ్ళింది. "ఒక్క షరతు. ఇక మీదట నా టీంలో ఎవరి పూర్వీకుల గురించీ ఎవరూ రీసెర్చ్ చేయకూడదు. ఆదివారం ఆ పుస్తకం తీసుకుని టీకి రా. అమ్మ పిలుస్తోంది."

బయటికొచ్చి బాత్రూంలో మొహం కడుక్కున్నాను. బావకి ఫామ్ చూపిస్తే, అతను దాన్ని వెలుతురుకి ఎత్తి రెండువైపులా చూసి, "నిజమేనా? నువ్వే పెట్టుకున్నవా సంతకం?" అన్నాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పెద్దావిడ ఇప్పుడు లేదు. దొర రిటైరై వెళ్ళిపోయాడు. నేనూ ఒక చిన్న టీమ్‌కి మేనేజర్‌నయ్యాను. అద్దాలు లావయ్యాయి, గొంతు తగ్గింది, ఏదైనా చెప్పే ముందు ఎదుటివాళ్ళ మొహాలు చూడటం నేర్చుకున్నాను. అప్పుడప్పుడు ఆ కెఫెటీరియా గుర్తొస్తే, ఫ్రేము ఎత్తి పట్టుకుని ఊగిపోతున్న ఆ సన్నటి కుర్రాణ్ణి రెక్క పట్టుకుని కూర్చోబెట్టాలనిపిస్తుంది. కానీ ఎందుకో కూర్చోబెట్టను. మొన్న నా పుట్టినరోజుకి టీం వాళ్ళు కేకు తెచ్చారు, మంచి మాటలు చెప్పారు, అన్నీ పొందికగా, ఒక్క తప్పు లేకుండా. ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే అనిపించింది: నా గురించి కూడా ఎవరైనా అంత శ్రద్ధగా చదివి, అంత ఘోరంగా పొగిడితే ఎంత బాగుండునో అని.