పక్కకు తిరిగిన ముఖాలు

కొత్తగూడలో మా ఆఫీసు పక్కన ఇంకో టవరుకు పునాది తవ్వుతున్నారు. బండను తొలిచేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు కొడతారు. ఆ తడి రాతిపొడి వాసన, అద్దాలన్నీ మూసి ఉన్నా ఎట్లాగో మా క్యాంటీన్ దాకా వస్తుంది. సెలవు రోజుల్లో నేను తీసిన ఫొటోలు కొన్ని ఈ మధ్య ఆ క్యాంటీన్ గోడకే తగిలించారు. మియాపూర్ డిపోలో కునుకు తీస్తున్న కండక్టరు, గేటు దగ్గర వాన వెలిసేదాకా నిలబడ్డ కాపలా మనిషి, కిటికీ పక్కన జడ అల్లుకుంటున్న హాస్టల్ పిల్ల. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి వాటిని వరుసగా చూసి, "మీ ఫొటోల్లో ఎవరూ సూటిగా చూడరేంటండీ? అందరికీ సగం మొహమే, మిగతా సగం చీకటి" అంది. వెలుగు అట్లా పడితే బాగుంటుందని ఏదో చెప్పి తప్పించుకున్నాను. అట్లా చూడడం నేను ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు.

నేను పుట్టింది ఈ కొత్తగూడలోనే, ఇది ఇంకా ఊరుగా ఉన్నప్పుడు. ఇళ్లు దాటగానే బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు. వానలు తగ్గి బతుకమ్మ పండుగ దగ్గరపడితే, పొద్దున్నే పిల్లలమంతా తంగేడు పూలకూ గునుగు పూలకూ బయలుదేరి, కళ్లు విచ్చిన సీతాఫలాలు వెతుక్కుని తిని, ఏటవాలు బండ మీద గౌన్లు చిరిగేదాకా జారి, ఎండెక్కాక ఇల్లు చేరితే, నానమ్మ రోట్లో దంచుతున్న నువ్వులూ బెల్లం వాసన వాకిట్లోనే ఎదురొచ్చేది. పళ్లు లేని నోటితో మొదటి ముద్ద తనే రుచి చూసి, రెండోది మా అక్క సుజాతకు పెట్టేది. అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. నవ్వితే కుడి చెంప మీద సొట్ట పడేది.

నాకు ఎనిమిదేళ్లున్న ఏడు రోడ్డు కోసం బండలు పేల్చడం మొదలైంది. పేల్చే ముందు ఒక మనిషి ఎర్ర గుడ్డ ఊపుతూ కేకేసేవాడు. పండుగ చివరి రోజు పొద్దున ఆ కేక మాకు వినపడలేదు. గాలి అటు వీస్తోందో, అసలు కేకే వేయలేదో ఎవరూ తేల్చలేదు. అక్క బండ పైకెక్కి తంగేడు కొమ్మ వంచుతోంది, నేను కింద గంప పట్టుకుని నిలబడ్డాను. ఎగిరొచ్చిన రాయి ఆ సొట్ట పడే చెంపకే తగిలింది. నాయన ఆటో తెచ్చేలోపే అక్క పోయింది.

నడింట్లో పడుకోబెట్టాక, అక్కది ఒక్క ఫొటో కూడా లేదని అమ్మకు గుర్తొచ్చింది. "నా బిడ్డ మొహం యాది మరుస్తనేమో! జర ఫొటో తీసేటాయన్ను తోల్కరాన్రి" అని వచ్చినవాళ్లందరినీ బతిమాలింది. స్టూడియో ఆయన వచ్చాక, "పండవెట్టి తియ్యకు అన్నా. కూసున్నట్టు తియ్యి" అంది.

ఆయన వెలుగు ఎటు నుంచి వస్తోందో చూశాడు. తర్వాత అక్కను గుమ్మం పక్కన కూర్చోబెట్టించి, దెబ్బ నీడలోకి పోయేలా, తలుపు వెలుగు ఎడమ చెంప మీదే పడేలా, తలను మెల్లగా పక్కకు తిప్పాడు. తల వాలిపోతోంది. నా వైపు చూసి, "నువ్వు చెల్లెవా? ఎనక కూసోని పట్టుకో బిడ్డా. నువ్వు కనవడొద్దు" అన్నాడు. అక్క వెనక ముడుచుకుని రెండు చేతులతో మెడను ఆపి పట్టుకున్నాను. మెడ చల్లగా ఉంది. జుట్టులో తంగేడు రేకులు ఇంకా ఉన్నాయి.

ఆ ఫొటో చూస్తూనే పెరిగాను. కొత్తవాళ్లు చూసి, "ఏందో ఆలోచన చేస్తున్నట్టుంది పిల్ల" అనేవాళ్లు. ఉద్యోగం వచ్చాక కెమెరా కొనుక్కుని మొదట మా స్నేహితురాలి ఫొటో తీసినప్పుడు, ఆలోచించకుండానే ఆమె గడ్డం పట్టి మొహం పక్కకు తిప్పాను. సూటిగా తీద్దామని ఎన్నోసార్లు చూశాను, కుదరలేదు. నా ఫొటోల్లో చీకటి లోతుగా ఉందని మెచ్చుకునేవాళ్లున్నారు. ఆ చీకట్లో రెండు చిన్న చేతులు నాకు మాత్రమే కనిపిస్తాయి.

పోయిన బతుకమ్మకు, బజారులో గునుగు పూలు కొనుక్కుని వస్తూ, అమ్మ అక్క ఆ రోజు ఎక్కిన బండ ఉన్న చోటు చూపించమంది. ఇద్దరం ఫ్లైఓవర్ కింద నిలబడ్డాం. సీతాఫలం చెట్లు లేవు, జారిన బండా లేదు, ఎటు చూసినా అద్దాల గోడలే. అమ్మ ఒక వైపు తిరిగింది, మళ్లీ ఇంకో వైపు తిరిగింది.

"ఇటుండెనా, అటుండెనా? నాకైతే సమజైతలేదు బిడ్డా."

నేను కెమెరా పైకెత్తాను. ఎటు తిప్పి తీయాలో నాకూ తెలియలేదు.