సుభద్ర మేడం అడిగిన మాట

డ్రయ్యర్ వేడికి తడి బొచ్చు ఆరుతుంటే వేపాకు షాంపూ, కుక్క ఒళ్లు కలిసిన ఒక వాసన వస్తుంది. మన్సూరాబాద్‌లోని నా దుకాణంలో పొద్దున్నే అది ముక్కుకు తగిలితే చాలు, సుభద్ర మేడం గుర్తుకొస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు కత్తిరించే దుకాణం ఆమెది. గుడివాడ వైపు మనిషి. నాకు ఈ పని నేర్పింది ఆమే.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మాది నల్గొండ దగ్గర పల్లె. నాన్న ఎల్బీనగర్‌లో ఆటో నడిపేవాడు, ఊరేగింపులకు పోయి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. నేనేమో మేడం దుకాణంలో సొంతంగా నోరు విప్పితే ఒట్టు. నా మాట మోటుగా ఉంటుందని, వచ్చేవాళ్లు నవ్వుతారని సిగ్గు. మేడం కుక్కలతో ఎలా మాట్లాడితే అలాగే చిలకపలుకులు పలికేదాన్ని. ఆమె మాత్రం ఆ రోజుల్లో కూరగాయల బండి దగ్గర వేలు చూపించి కొనుక్కొచ్చేవారు, పెదవి విప్పేవారు కాదు. యాస పట్టేస్తారేమోనని ఆమెకూ ఒక భయం ఉందని నాకు అప్పట్లో తట్టలేదు.

ఒకరోజు చంపాపేట్ నుంచి ఒక తాత తన కుక్కను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పేరు టైగర్. చూస్తే ఒళ్లో పట్టేంత ముసలి తెల్ల పామేరియన్. కాలివేళ్ల మధ్య బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగేస్తోంది, పాపం అడుగు వేయలేకపోతోంది. దాని గుండె బలహీనమని, మత్తిస్తే మళ్లీ లేవకపోవచ్చని పశువుల డాక్టర్ చెప్పాడట. మెలకువగా ఉండగానే తీయాలి. మేడం చేయి పెడితే గుర్రుమంది. నేను "రామ్మా బంగారం, ఏం కాదు నాన్నా" అన్నానో లేదో, నా వేలు కొరికింది.

మేడం నా వేలు కడిగి కట్టు కట్టారు. ఇంట్లో దీన్ని ఎవరు చూసుకుంటారని తాతను అడిగారు.

"మా ముసల్ది సాదిందమ్మా. బిడ్డా బిడ్డా అనుకుంట తిరిగేది. పోయినేడు సచ్చిపోయింది" అన్నాడు తాత, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ.

మేడం నావైపు తిరిగారు. "నా మాట దానికి కొత్త. నాలా మాట్లాడటం మానెయ్ అనితా. మీ ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు."

ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. అయినా కింద కూర్చుని, చిన్నప్పుడు మా అవ్వ నన్ను ఊరుకోబెట్టినట్టే మొదలుపెట్టాను. "ఏమైంది బిడ్డా, గింత పరేషాన్ ఎందుకు? జర కాలియ్యి, నేనున్న గదా." టైగర్ చెవులు నిక్కాయి. మా బర్రె గురించి, ఊళ్లో వానల గురించి నోటికొచ్చిందల్లా చెబుతూ ఒక్కో ఉండా కత్తిరించాను. నాలుగు కాళ్లూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నేల మీద దించితే, అది తాత దగ్గరికి నడిచి వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది.

వాళ్లు వెళ్లాక మేడం బొచ్చు ఊడుస్తూ, నా ముఖం చూడకుండా అడిగారు. "ఇన్ని నెలలూ నేను మాట్లాడుతుంటే టైగర్‌కు వేసినట్టే నీకూ భయమేసేదా?"

"మొదట్ల అయ్యేది మేడం. ఇప్పుడు లేదు" అన్నాను. ఆమెతో నా మాటలో మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె తలూపి, చాలాసేపు ఊడ్చిన చోటే ఊడ్చారు.

మేడం కన్నుమూసి నాలుగేళ్లయింది. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. నేను ఏది చెప్పినా తలూపుతారు. మేడం నన్ను అడిగిన ఆ ప్రశ్న వాళ్లనూ అడగాలని రోజూ అనుకుంటాను. ఏం జవాబొస్తుందోనని భయపడి, ఇంకా అడగలేదు.