ఉఫ్ బాబాయి పిల్లి

మా బాబాయికి గాలంటే పడదు. చలిగాలి, వేడిగాలి అన్న తేడా లేదు. ఫ్యాను గాలి, తలుపు సందులోంచి దూరే గాలి, ఆఖరికి ఎదుటి మనిషి నిట్టూర్పు కూడా ఆయనకు పగే. కారణం ఆయన వృత్తి. ఇంటి వెనక గదిలో బాబాయికి చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ప్రకటనలు, ఉపన్యాసాలు, పిట్టల కూతలు, ఎవరు ఏది అడిగితే అది రికార్డు చేసి ఇస్తాడు. మైకుకు గాలి తగిలిందంటే వినేవాళ్ల చెవి పక్కనుంచి లారీ వెళ్లినట్టుంటుంది. అందుకని మైకులన్నిటికీ తనే తొడుగులు తయారుచేస్తాడు. కొనుక్కోవచ్చు కదా అంటే, "కొన్న తొడుగు కొన్న చెప్పులాంటిది. ఎక్కడో ఒకచోట కరుస్తుంది" అంటాడు.

తొడుగుకు గుడ్డ ఎంచడం పెద్ద తంతు. గుడ్డను పెదాలకు ఆనించి "ఉఫ్" అని ఊదుతాడు. ఊపిరి అవతలికి సులువుగా పోయిందా, ఆ గుడ్డలోంచి మాట కూడా పోతుంది. పోలేదా, మాట గుడ్డలోనే ముద్దయిపోతుంది. ఒకసారి నన్ను వెంటబెట్టుకుని బట్టల కొట్టుకు వెళ్లి, తానుల మీద తానులు విప్పించి ఊదుతుంటే కొట్టు యజమాని లేచి వచ్చాడు.

"అయ్యా, మీరు గుడ్డ కొంటున్నారా, ముద్దుపెట్టుకుంటున్నారా?"

"ఊపిరాడుతుందో లేదో చూస్తున్నానండీ."

"ఎవరికి?"

"మా మైకుకి."

"మీ వల్ల ఇక్కడ మాకు ఆడట్లేదండీ!"

నేను సిగ్గుతో బట్టల బేళ్ల వెనక్కు చేరాను. బాబాయి మాత్రం మరో తాను అందుకుని "ఉఫ్" అన్నాడు. ఆ రోజునుంచి వీధిలో ఆయన పేరు ఉఫ్.

ఇంట్లో మెత్తనిదేదీ నిలిచేది కాదు. పిన్ని ఒళ్లు రుద్దుకునే స్పాంజి మైకు నెత్తికెక్కేది. పిన్ని మెత్తటి చెప్పుల మీది బొచ్చు ఒక వారం పిట్టల కూతలు రికార్డు చేసి వచ్చేది. ఏమైందని అడిగితే ఒకటే జవాబు: "గాలి వచ్చిందే!"

పిన్ని చలికోటుకున్న బొచ్చు కాలర్ మాయమైన రోజున ఇల్లు దద్దరిల్లింది.

"మెడ లేని కోటేసుకుని బజారుకెలా వెళ్లనండీ? ఆ గాలేదో నాకు తగలదా?"

"నువ్వు రికార్డు చెయ్యవు కదే!"

ఆ కాలర్ నా కోసమే పోయిందని అప్పటికి నాకు తెలియదు.

నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. అమ్మ మంచాన పడింది, ఇంట్లో మనిషి కావలసి వచ్చింది. నిజం చెప్పాలంటే బడిలో ఒక్క విషయం తప్పినందుకు హాయిగా అనిపించింది. లేచి నిలబడి పాఠం చదవమనేవారు కదా, అదీ. నలుగురు నన్ను చూస్తే చాలు, నా ఊపిరి గొంతులో అడ్డం తిరుగుతుంది. ఎవరూ చూడకపోతే పుస్తకం ఎంతసేపైనా పైకి చదవగలను. వంటగదిలో అలా చదువుకుంటుంటే విన్న బాబాయి, అమ్మ కోలుకోగానే నన్ను తన ఇంటికి తీసుకొచ్చాడు.

చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే సంస్థ ఒకటి ఉంది. వాళ్లకు చదివేవాళ్లు కావాలి. అక్కడి మేడమ్ స్వయంగా వచ్చి, నేను చదువుతుండగా చూసి, విని తేలుస్తుంది. ఆమె కాదంటే మా మేనమామ కొట్లో అట్టపెట్టెలు అతికించే పని సిద్ధంగా ఉంది. రోజంతా నోరు విప్పక్కర్లేని పని. నాకు సరిగ్గా సరిపోతుందని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుందేమోనని నా భయం.

మొదటిరోజు స్టూడియోలో మైకు ముందు కూర్చున్నాను. ఎదురుగా పెద్ద అద్దం. దాని అవతల మిషను దగ్గర బాబాయి, పక్కన పిన్ని, ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను. మాట కంటే ముందు ఊపిరి కుక్కర్ విజిల్లా తన్నుకొచ్చింది. "పడవ" అనబోతే "ప" దగ్గరే మైకు టపాసులా పేలింది.

"ఆపు తల్లీ. గాలి" అన్నాడు బాబాయి ఇయర్‌ఫోనులో.

"ఎక్కడిది బాబాయ్?"

"కిటికీలోంచి."

కిటికీ మూసే ఉంది. ఆయన వచ్చి దాని సందుల్లో కాగితాలు కుక్కాడు. మళ్లీ చదివాను. మళ్లీ పేలింది. ఈసారి తలుపు కింద తువ్వాలు దోపాడు. గాలి జాడ కనిపెట్టడానికి పైకప్పునుంచి ఒక పట్టుదారం వేలాడదీశాడు.

"అది నా ఊపిరేమో బాబాయ్."

"నీ ఊపిరి నీకే చాలట్లేదు, మైకు దాకా ఎక్కడొస్తుంది? గాలే!"

మర్నాడు మైకు మీద ఒక బూడిదరంగు బొచ్చు తొడుగు కూర్చుని ఉంది. ఎంత పెద్దదంటే, దాని వెనక అద్దం కనిపించదు, అద్దంలోని మొహాలు అసలే కనిపించవు. నేను దానికి పిల్లి అని పేరు పెట్టాను. బాబాయి రోజూ పొద్దున్నే తన దువ్వెనతో దాని బొచ్చు దువ్వి, తర్వాత అదే దువ్వెనతో తల దువ్వుకునేవాడు. నేను మనుషులకు కాకుండా పిల్లికి చదవడం మొదలుపెట్టాను. పిల్లి నన్ను చూడదు, నవ్వదు. నా ఊపిరి నెమ్మదిగా దారికొచ్చింది.

మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. ఆవిడ లోపలికి రాగానే మైకు ముందు ఆగిపోయింది.

"ఇదేంటండీ, జంతువా?"

"తొడుగు మేడమ్. గాలికి."

"నాలుగు గోడల మధ్య గాలెక్కడిది? ఇంత ఒత్తు బొచ్చులోంచి వస్తే మాట మొద్దుబారిపోతుంది. మా శ్రోతలకు ప్రతి అక్షరం వినపడాలి. దీన్ని తీసేసి మామూలు స్పాంజిది పెట్టండి."

"గాలి ఉంది మేడమ్."

"ఎక్కడ?"

బాబాయి పట్టుదారం వైపు చూశాడు. నేనూ చూశాను. అది గీత గీసినట్టు నిలబడి ఉంది. వేలాడదీసిన రోజునుంచీ అది ఒక్కసారి కూడా కదల్లేదని అప్పుడు తట్టింది నాకు. ఒత్తు బొచ్చులో మాట మొద్దుబారుతుందని నాకు నేర్పిందే బాబాయి. ఆరుబయట, హోరుగాలిలో పిట్టల కోసం కుట్టిన తొడుగులు కూడా ఈ పిల్లిలో సగం ఉండవు. మరి గాలే లేని గదిలో ఇది ఎందుకు?

బాబాయి పిల్లిని తీసి నా కాగితాల మీద పెట్టాడు. "ఎగిరిపోకుండా" అని గొణిగి, మైకుకు చిన్న స్పాంజి తొడిగి, అవతలికి వెళ్లిపోయాడు.

అద్దంలో మూడు మొహాలు. మేడమ్, పిన్ని, బాబాయి. అట్టపెట్టెల జిగురు వాసన ముక్కుకు తగిలినట్టే అనిపించింది. "పడవ..." అన్నాను. మైకు పేలింది. మళ్లీ అన్నాను. ఈసారి ఊపిరి తప్ప మాటే రాలేదు. మేడమ్ చేతి గడియారం చూసుకుంది.

"ఆపండి! గాలి!" అని అరిచాడు బాబాయి.

"మళ్లీ ఎక్కడిదండీ?"

"మీవైపునుంచే మేడమ్. మీరు వదిలే ఊపిరి అద్దానికి కొడుతోంది."

"ఇంత మందపు అద్దానికా?"

"మందం కాబట్టే లోలోపల వణుకుతోంది. దయచేసి కుర్చీ అటు తిప్పుకోండి. ఏమే, నువ్వు కూడా!"

జీవితంలో మొదటిసారి పిన్ని ఎదురుచెప్పకుండా తిరిగిపోయింది. మేడమ్ బాబాయిని చూసింది. ఆ తర్వాత నన్ను, నా చేతులను చూసింది. నా చేతులు పిల్లిని మెడ పట్టుకుని ఉన్నాయి. ఆవిడ కుర్చీ తిప్పుకుంది. బాబాయి కూడా తిరిగి, వీపు గోక్కుంటున్నవాడిలా చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటూ మిషను మీట నొక్కాడు.

నా ముందు మూడు వీపులు. మధ్య వీపు మీద కాలర్ లేని కోటు, అందులోంచి పిన్ని మెడ. నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఊపిరి వచ్చింది. పడవ కదిలింది, ఏరు దాటింది, పేజీ పూర్తయింది.

"తిరగొచ్చా?" అని అడిగింది మేడమ్, గోడకేసి చూస్తూనే.

రికార్డయినదాన్ని రెండుసార్లు వింది. "సోమవారం నుంచి రామ్మా" అంది. తర్వాత బాబాయితో, "మా గదిలోనూ ఈ గాలి ఉన్నట్టుందండీ. మావాళ్లని కూడా అటు తిప్పి కూర్చోబెడతాలెండి" అంది.

"మంచిది మేడమ్" అన్నాడు బాబాయి నవ్వకుండా. "పిల్లిని కూడా తెచ్చుకోనివ్వండి. కాగితాలు ఎగురుతాయి."

ఆవిడ వెళ్లాక పిల్లిని ఒళ్లో పెట్టుకుని తిరగేశాను. అంతవరకూ లోపలివైపు చూడలేదు. బాబాయి కుట్లు నాకు బాగా తెలుసు, తప్పతాగినవాడి నడకలా ఉంటాయి. ఇవి అలా లేవు. చీమలబారులా సన్నగా, ఒక్క పోగు పైకి లేకుండా ఉన్నాయి. ఈ ఇంట్లో అలా కుట్టేది ఒక్కరే.

మిషను పక్కన నిలబడి పిన్ని ఇంకా సాధిస్తూనే ఉంది. "అయితే నా కాలర్ ఉద్యోగానికి వెళ్తోందన్నమాట! ఇక నాకు తిరిగొచ్చినట్టే!"

నేను కుట్లనూ చూశాను, ఆవిడనూ చూశాను.

"ఏంటే అలా చూస్తావు? ముందు ఆ తలుపు వెయ్యి, గాలి వస్తోంది" అంది పిన్ని.

తలుపు వేసే ఉంది.