గురువారం చీర

మా అమ్మ ప్రతి గురువారం పసుప్పచ్చ చీర కడుతుంది. బాబాకి మొక్కు. అది ఏ మొక్కో నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాన్న పోయాక గురజాలలో మా కిరాణా కొట్టు నడిపేది ఆమే. గల్లాపెట్టె ముందు ఆమె ఆ చీరలో కనిపిస్తే చాలు, ఆ రోజు గురువారమని క్యాలెండర్ చూడకుండానే వీధి మొత్తానికీ తెలుస్తుంది.

నా మొదటి ప్రదర్శనకి నేను వేసిన బొమ్మ అదే. గురువారం చీరలో, ఒక చెయ్యి కాటా మీద పెట్టి కూర్చున్న అమ్మ.

పల్నాడులో కొత్తగా బొమ్మలు వేస్తున్నవాళ్ళందరినీ కూడగట్టి మూడు ఊళ్ళలో ఒకేసారి ప్రదర్శన పెట్టాలన్నది మా డ్రాయింగ్ మాస్టారి ఆలోచన. హైస్కూల్లో పని చేసి రిటైరై, ఆదివారాలు మాలాంటి వాళ్ళకి ఊరికే నేర్పేవారు. నరసరావుపేటలో ఒక కాలేజీ హాలు దొరికింది. మాచర్లలో ముహూర్తాలు లేని రోజులు చూసి ఒక కల్యాణ మండపం అడిగారు. గురజాలలో లైబ్రరీ పక్క గది. మాచర్ల కుర్రాడొకడు నాపరాయి ముక్కల మీద బొమ్మలు వేశాడు. వెల్దుర్తి నుంచి ఒకమ్మాయి పత్తి గింజలు అతికించి వాళ్ళ చేను తెచ్చింది. మాలో ఎవరి బొమ్మా అంతకుముందు ఇంటి గోడ దాటి బయటికి వెళ్ళలేదు.

మాస్టారికి ఒక నియమం ఉండేది. ఎంత ఘోరమైన తప్పు కనిపించినా మా బొమ్మ మీద కుంచె పెట్టేవారు కాదు. పక్కన చిత్తు కాగితం మీద వేసి చూపించేవారు. "ఒకరి బొమ్మ మీద ఇంకొకరి కుంచె పడకూడదు అమ్మాయ్, పడితే అది ఎంగిలే" అనేవారు. ఆ మాట నేను నమ్మాను. ఆయన చెప్పిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ నమ్మింది దాన్నే.

ఆ పసుపు కుదరడానికి నాకు ఒక వేసవి పట్టింది. కొత్త చీర పసుపైతే ట్యూబులోంచి పిండితే వస్తుంది. ఇది ఉతికి ఉతికి భుజం మీద వెలిసిపోయి, కుచ్చిళ్ళ లోపల మాత్రం ఇంకా ముదురుగా మిగిలిన పసుపు. బేరాలు లేని వేళ అమ్మ కదలకుండా కూర్చునేది. ఎవరో చింతపండు కోసం వచ్చేవారు, లేచేది. మళ్ళీ కూర్చుంటే మడతలన్నీ మారిపోయేవి. "ఏందే, చీర గీయడానికి ఇంతసేపా, నేసేవాడికి కూడా ఇంత పట్టదు" అని దెప్పేది. దెప్పుతూనే కొంగు నేను చెప్పినట్టు సర్దుకునేది. ఆ పసుపు తీసేస్తే నా బొమ్మలో ఏముంది? ఒక కాటా, కాటా దగ్గర కూర్చున్న మనిషి.

మా వైపు రంగు వేయడం అంత తేలిక కాదు. ఏ రంగు ఏ పార్టీదో పలక పట్టే పిల్లలకీ తెలుసు. ఒకసారి మా కొట్టు షట్టర్‌కి అమ్మ లేత పసుపు వేయించింది. ఊళ్ళో అవతలి పార్టీ పెద్దమనిషి ఒకాయన ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చి, "ఏంది వదినా, అటు పోయావా?" అని నవ్వుతూనే అడిగాడు. నవ్వుతూ అడిగితేనే మా దగ్గర ఎక్కువ భయపడతారు. మర్నాడే షట్టర్‌కి బూడిద రంగు పడింది. రెండు పార్టీల వాళ్ళూ కందిపప్పు మా కొట్లోనే కొంటారు మరి. కానీ గురువారం చీర జోలికి ఎవరూ రాలేదు. అది దేవుడి చీర అని ఊరికి తెలుసు.

ప్రదర్శనకి ముందు మాస్టారు నన్ను పిలిచి, "మీ అమ్మ బొమ్మ మీ ఊళ్ళోనే ఉండాలమ్మాయ్. నువ్వు మాత్రం నరసరావుపేటలో ఉండు, వచ్చేవాళ్ళకి బొమ్మల గురించి చెప్పడానికి మనిషి కావాలి" అన్నారు. నా మీద అంత భరోసా ఉందని పొంగిపోయాను. నరసరావుపేట హాల్లో ఆ రోజంతా వేరేవాళ్ళ బొమ్మల గురించి గొంతు పోయేలా చెప్పాను. సాయంత్రం గురజాల నుంచి ఎవరో ప్రారంభోత్సవం ఫోటో పంపారు. ముఖ్య అతిథి ఆ షట్టర్ పెద్దమనిషే. ఆయన పక్కన నా బొమ్మ. అమ్మ చీర వక్కపొడి రంగులో ఉంది. ట్యూబ్‌లైటు వెలుతురుకి ఫోన్లో రంగు మారిందేమో అనుకున్నాను. అలాగే అనుకుంటూ మర్నాడు పిడుగురాళ్ళలో బస్సు మారి గురజాల వెళ్ళాను.

ట్యూబ్‌లైటు తప్పేమీ లేదు. నా పసుపు మీద ఎవరో వక్కపొడి రంగు వేశారు. ఎవరో ఏంటి, చూడగానే తెలిసిపోయింది. మడత దగ్గర కుంచె అలా తిప్పడం పల్నాడు మొత్తంలో ఒక్కరికే వచ్చు. నాకంటే బాగా వేశారు కూడా. నేను నిలబడి చూస్తుండగానే ఒకావిడ వచ్చి, "మడతలు చానా బాగా వేశావమ్మా" అని నా భుజం తట్టింది. కంచే చేను మేసిందంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మేసిన చేను పచ్చగా ఉందని మెచ్చుకోవడం కూడా తెలిసింది.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"ఎంగిలి అన్నది మీరే కదా మాస్టారూ" అన్నాను.

"వచ్చే ఆయన ఎవరో నీకు తెలుసు గదా. పసుపు చీర బొమ్మ పక్కన ఆయన్ని నిలబెట్టి ఫోటో తీస్తే గొడవవుద్ది. మొత్తం ప్రదర్శనే పోద్ది."

"బొమ్మ తీసేయాల్సింది. లేకపోతే నన్ను అడగాల్సింది."

"నువ్వు ఒప్పుకోవు." ఆయన నా వైపు చూడలేదు. "మీ అమ్మ ఒప్పుకుందమ్మాయ్. అసలు రంగు మార్చమని ముందు ఫోన్ చేసింది ఆమే."

కొట్టు అక్కడికి దగ్గరే. వెళ్ళేసరికి అమ్మ బెల్లం కొడుతోంది. నా మొహం చూసి సంగతి గ్రహించింది, కానీ కొట్టడం ఆపలేదు.

"కట్టుకుంటే రాని గొడవ గీస్తే వచ్చిందా?" అన్నాను.

"కట్టుకుంటే మొక్కు. గీస్తే ఏందో ఎవురికి తెలుసు? పేపర్లో పడుద్దంట. ఆయన పక్కన నేను ఆ చీరలో ఉంటే ఇటోళ్ళు ఒకటంటారు, అటోళ్ళు ఒకటంటారు. నీ బొమ్మకేం, గోడ మీద ఉంటది. కొట్టు రోడ్డు మీదుంది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏడుస్తావని."

ఏడుపు రాలేదు. ప్రదర్శనలో ఎవరూ ఆ రంగు గురించి ఒక్క మాట అనలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే వీళ్ళిద్దరూ భుజాలు తడుముకున్నారు. తడుముకోవడానికి నా బొమ్మ దొరికింది. మాస్టారి మీద కోపానికి ఒక దారి ఉంది. ఆదివారం క్లాసు మానేశాను, ఆయన ఫోన్ ఎత్తడం మానేశాను. ఇంత కోపంలోనూ ఆయన్ని 'మాస్టారు' అనే రాస్తున్నాను, చెయ్యి అలవాటు. అమ్మ మీద వచ్చినదానికే దారి లేదు. ఆమె వండింది తినాలి, ఆమె పక్కనే కొట్లో నిలబడాలి. ఎవరితోనైనా చెప్పుకుందామంటే కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నన్ను మోసం చేశారు. అంతకంటే మెత్తటి మాట నాకు దొరకలేదు.

ప్రదర్శన అయ్యాక బొమ్మ ఇంటికొచ్చింది. పైరంగు గీకి చూశాను. దానితోపాటు అడుగున నా పసుపు కూడా లేచి వచ్చి, తెల్ల గుడ్డ కనిపించింది. ఆపేశాను. ఇక ఆ బొమ్మ నాకు అక్కర్లేదన్నాను. అమ్మ తీసుకెళ్ళి కొట్లో గల్లాపెట్టె వెనక మేకుకి తగిలించింది. గీకినచోట క్యాలెండర్ అంచు అడ్డం పెట్టింది.

తర్వాతి గురువారం ఆమె మామూలుగానే పసుప్పచ్చ చీర కట్టుకుని, వక్కపొడి చీర బొమ్మ కింద కూర్చుంది. నేను పక్కన పొట్లాలు కడుతున్నాను. ఆ పెద్దమనిషి వచ్చి కందిపప్పు అడిగాడు. బొమ్మ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు.

"ఏంది వదినా, మీ అమ్మాయి నీ గురువారం చీర వెయ్యలేదే? ఆ రోజే అడుగుదామనుకున్నా. నువ్వంటే మాకు ఆ చీరే గదా గుర్తు" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

నేను అమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. కాటా మీద గిన్నె సర్దింది.

"దానికి ఆ పసుపు కలపడం చేతకాలేదన్నా" అంది.

ఆయన పాపం అన్నట్టు నా వైపు చూసి, "నేర్చుకుంటాదిలే, చిన్నపిల్ల" అన్నాడు. నేను కందిపప్పు పొట్లం కట్టి ఆయన చేతికిచ్చాను.