మస్తాన్ వలీ వద్దన్న గ్రేడు

రియాద్‌లో మస్తాన్ వలీకి జీతమిచ్చేది ఒక బ్రిటిష్ సిలబస్ స్కూలు, బస్సులు చూసుకున్నందుకు. జీతం లేకుండా ఆయన చేసే ఉద్యోగం సలహాలివ్వడం. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ దగ్గర్నుంచి ఊరికి ఏ సెంటు పట్టుకుపోవాలో దాకా, ఎవరికి ఏ అనుమానం వచ్చినా, రాకపోయినా ఆయన చెప్పేవాడు. రాయచోటి నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆయన చెప్పింది తప్పైన సందర్భాలు లేకపోలేదు గానీ, తప్పని ఆయన ఒప్పుకున్న సందర్భం ఒక్కటీ లేదు.

సలహాలన్నిటిలోకీ ఆయనకు ముద్దైనది ఒకటుంది. ఉద్యోగంలో ఉండగా హిసాబ్ అడగకూడదు. హిసాబ్ అంటే సర్వీసు మొత్తానికీ లెక్కగట్టి కంపెనీ ఇచ్చే ఆఖరి సొమ్ము. అది చేతికొచ్చిందంటే దాని వెనకే దేశం వదిలి పొమ్మనే ఎగ్జిట్ కూడా వస్తుంది. రియాద్ శివార్లలోని సులైలో గోడౌన్ పని చేసే సదానందం ఇంటికి స్లాబు వేయించాలని నోరు తెరిచి హిసాబ్ అడిగాడు. పై నెలకల్లా జగిత్యాలలో ఆ స్లాబు కిందే కూర్చున్నాడు. ఈ కథను వలీ డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో ఎన్ని వాయిస్ మెసేజ్‌లుగా పెట్టాడంటే, సదానందం ఇంటి కొలతలు కూడా అందరికీ కంఠతా వచ్చేశాయి.

అలాంటి మనిషిని షాలిని మేడం ఒకరోజు బస్సుల షెడ్డు దగ్గర ఆపింది. కాకినాడ ఆవిడ, స్కూల్లో పరీక్షల వ్యవహారమంతా ఆవిడదే. వలీ కూతురు అఫ్షాన్ అక్కడే, స్టాఫ్ పిల్లలకిచ్చే రాయితీ మీద ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్ల పరీక్ష ఒక్కసారిగా అయిపోయేది కాదు. ముక్కలు ముక్కలుగా రాయాలి, ముక్కముక్కకీ విడిగా మార్కులొస్తాయి. అన్నీ రాశాక, వీటిని కలిపి మొత్తం గ్రేడు ఇవ్వండని బోర్డును అడగాలి. అడగకపోతే వాళ్లివ్వరు. దాన్ని క్లెయిమ్ అంటారు.

“అఫ్షాన్‌వి ఈ జూన్‌తో అన్నీ అయిపోతాయండి. క్లెయిమ్ పెట్టేయమంటారా?” అంది షాలిని.

“పెడితే ఏమైతాది మేడం?”

“ఏముందండీ, లెక్కంతా తేల్చి ఫైనల్ గ్రేడ్ ఇచ్చేస్తారు.”

లెక్క తేల్చడం, పైగా ఫైనల్. వలీకి అంతకుమించి వినక్కర్లేకపోయింది.

“వద్దు మేడం. అట్లే ఉండనీండి. మనంతట మనం అడిగితే ఫైల్ మూసేస్తారు వాళ్లు.”

మార్కులు పెంచుకోడానికి కొందరు పిల్లలు క్లెయిమ్ ఆపుకుని మళ్లీ రాస్తుంటారు, వీళ్లదీ అదే కాబోలనుకుని షాలిని తలూపి వెళ్లిపోయింది. వలీ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. కూతురి చదువును బోర్డు బారి నుంచి కాపాడానన్న తృప్తితో ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాడు.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. అఫ్షాన్ లాప్‌టాప్ ముందు కూర్చుంది, తల్లి జైతూన్ బీ వెనక నిలబడి దువా చదువుతోంది. ముక్కల మార్కులన్నీ ఉన్నాయి, బాగున్నాయి కూడా. మొత్తం గ్రేడు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. ఈ వారంలో గ్రేడు చూపించకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని హైదరాబాద్‌లోని ఫార్మసీ కాలేజీ ముందే చెప్పింది. అఫ్షాన్ ఏడవలేదు. ఫోన్ తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.

వలీ ఊగిపోయాడు. “మా పాప గ్రేడు మింగేసినారప్పా ఈ స్కూలోళ్లు. ఆ షాలిని మేడం ఆఫీసులో నిద్రపోతాండాదేమో,” అంటూ గ్రూపులో పొడుగాటి వాయిస్ పెట్టాడు. డ్రైవర్లందరూ వరసగా అయ్యో అన్నారు.

“క్లెయిమ్ పెట్టకుంటే ఇట్లనే వస్తాదంట. పాప ఫోన్లో అంటాంటే విన్నా,” అంది జైతూన్ బీ. “వద్దని మనమేమన్నా చెప్పినామా?”

వలీకి షెడ్డు గుర్తొచ్చింది. లేచి బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. భయమేసింది, పిల్ల సీటు గురించి. సిగ్గేసింది, గ్రూపు గురించి. రెండింట్లో ఏది ఎక్కువని ఆయన్ని అడిగితే బాగుండదు.

చివరికి కిందికి దిగి, కారులో ఏసీ వేసుకుని, సెలవులకు కాకినాడ వెళ్లిన షాలినికి ఫోన్ చేశాడు.

“మేడం, ఆ పొద్దు షెడ్డు కాడ క్లెయిమ్ వద్దన్నది నేనే. అది మా హిసాబ్ మాదిరి అనుకొంటి. తీసుకుంటే పిల్లను బయటికి పంపించేస్తారనుకొంటి. పాపకేం తెలీదు.”

అవతల షాలిని నవ్వాపుకుంటోందని వలీకి తెలుస్తూనే ఉంది.

“అదేంటండి, మీ చేత వద్దనిపించింది తనేనని అఫ్షాన్ ఇందాకే ఫోన్ చేసి చెప్పిందే? ఆలస్యంగా పెట్టినా తీసుకుంటారు, పంపించేశాను కూడా. రెండ్రోజుల్లో వచ్చేస్తుంది, కంగారు పడకండి.”

వచ్చింది. కాలేజీ అడిగినదానికంటే మంచి గ్రేడే వచ్చింది, సీటు నిలబడింది. జైతూన్ బీ సేమ్యా చేసింది. వలీ ఒక గిన్నె పట్టుకుని కూతురి గదిలోకి వెళ్లాడు.

“వద్దన్నది నేనని నీకెట్ల తెలిసిందిమ్మా?”

“ఈ ఇంట్లో ఇంకెవరంటారు నాయనా.”

“మేడంకు నేనే ఫోన్ చేసి చెప్పుకుంటి కదా. నువ్వెందుకు నీ మీదేసుకుంటివి?”

అఫ్షాన్ సేమ్యాలో స్పూను తిప్పింది. “నువ్వు చెప్పవనుకొంటి. సీటు పోయినా సరే, తప్పు మాత్రం ఒప్పుకోవనుకొంటి.”

నీళ్ల ట్యాంకర్ ఇంకా రాలేదని చెప్పినంత మామూలుగా అంది. పుట్టినప్పటి నుంచీ చూసి చూసి కూతురు వలీకిచ్చిన గ్రేడు అది. దాన్ని ఆయన అడగనైనా లేదు.

అక్కడే మంచం మీద కూర్చుని ఫోన్ తీశాడు. డ్రైవర్ల గ్రూపు తెరిచి నోటి దగ్గర పెట్టుకున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“షాలిని మేడంది ఏం తప్పు లేదప్పా. వద్దన్నది నేనే. నాకు తెలీక వద్దంటి.”

పంపించేదాకా అఫ్షాన్ స్పూను ఎత్తలేదు.